శీర్షాసనం వేసిన అతిథి

అమ్మాయికి పురుడు పోయడానికి అమెరికా వెళ్లే అమ్మానాన్నల జాబితాలో ఆ ఏడాది మా పేర్లూ చేరాయి. మా అమ్మాయి వాళ్లుండేది అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరం శివార్లలో. అమెరికా అంటే మంచే కదా అని మా ఆవిడ రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపు సర్దింది. విమానం దిగాక తెలిసింది, ఆ ఊరు మన రెంటచింతలకు పెద్దన్న అని. ఇంటి వెనక గోడ దాటితే ఎడారే. ముళ్లపొదలు, ఎర్రమట్టి, చేతులు పైకెత్తి నిలబడ్డ మనుషుల్లా సవారో జెముళ్లు.

దసరా వెళ్లిన వారం. ఆదివారం సాయంత్రం నేను కాఫీ తాగుతుంటే గరాజ్ దగ్గర్నుంచి మా ఎనిమిదేళ్ల మనవడి కేక.

"తాతా! తొందరగా రా! ఇది యోగా చేస్తోంది!"

వెళ్లి చూద్దును కదా... గడప పక్కన అంగుళం దాటి పొడవున్న నల్లటి పురుగొకటి. నిగనిగలాడుతోంది. తల నేలకు ఆనించి, వెనకభాగం ఆకాశానికెత్తి, రాయిలా కదలకుండా ఉంది. అచ్చం శీర్షాసనమే. మావాడు పుల్లతో తాకితే పారిపోలేదు సరికదా, నడుము ఇంకాస్త పైకెత్తింది.

ఇంతలో పన్నెండు రోజుల పసిగుడ్డును భుజాన వేసుకుని మా అమ్మాయి వచ్చింది. చూసీ చూడగానే "చిన్నా, ముట్టుకోకు! అది కిస్సింగ్ బగ్ ఏమో!" అని అరిచింది. మా అల్లుడు ఇంకేం మాట్లాడలేదు. ఫోను తీసి పురుగుల మందు కొట్టేవాళ్లకు కబురు పెట్టేశాడు. "గురువారం పొద్దున వస్తారట మామయ్యగారూ. ఇంటి చుట్టూ, లోపల గదుల్లో కూడా కొట్టేస్తారు" అన్నాడు.

పురుగు సంగతి ఎలా ఉన్నా, పన్నెండు రోజుల పిల్ల ఉన్న ఇంట్లో గదిగదికీ మందు అనేసరికి నా గుండె గతుక్కుమంది. అదే సమయంలో మనవడు నా పంచె లాగాడు.

"తాతా, నువ్వు జువాలజీ లెక్చరర్‌వి కదా. దీని పేరేంటి?"

"పెంకుపురుగు నాన్నా."

"అది నాకూ తెలుసు తాతా. పేరేంటి?"

ముప్పై మూడేళ్లు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. ఆ సాయంత్రం నాకు చెమటలు పట్టింది ఎండకు కాదు.

* * *

ముందు తేల్చాల్సింది మా అమ్మాయి భయం. అది ఉత్తుత్తి భయం కాదు. కిస్సింగ్ బగ్ అనే రక్తం పీల్చే నల్లి జాతి పురుగు అరిజోనాలో నిజంగానే ఉంది. రాత్రిపూట నిద్రలో మొహం మీద కుడుతుంది కాబట్టి ఆ ముద్దుపేరు. కొందరికి అది కుడితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికి వస్తుంది. దాని మలంతో చాగస్ అనే జబ్బు కూడా సోకవచ్చు. బ్రెజిల్ డాక్టరు కార్లోస్ చాగస్ 1909లో కనిపెట్టిన జబ్బు అది. అమెరికాలో ఆ పురుగు వల్ల జబ్బు సోకడం అరుదే అయినా, పసిపిల్ల తల్లికి "అరుదు" అన్న మాట ఏం ఊరటనిస్తుంది చెప్పండి?

అయితే ఈ రెంటినీ వేరు చేయడం బియ్యంలో రాళ్లు ఏరినంత తేలిక. నల్లి జాతి పురుగుకు నమలడానికి దవడలుండవు. తల కింద సూదిలాంటి ముక్కు మడిచి ఉంటుంది. రెక్కలు వీపు మీద ఒకదాని మీదొకటి కత్తెరలా పడతాయి. పెంకుపురుగుకు అలా కాదు. రెండు గట్టి పెంకులు వీపు మధ్యలో పాపిడి తీసినట్టు తిన్నగా కలుస్తాయి. మా అతిథికి పాపిడి స్పష్టంగా ఉంది. సూదిముక్కు లేదు.

"అమ్మా, ఇది కుట్టదు, రక్తం తాగదు" అన్నాను మా అమ్మాయితో. "కచ్చితంగానా నాన్నా?" అంది. నల్లి కాదన్నది కచ్చితం. మరి ఏమిటన్నది మాత్రం నాకింకా తెలీదు. పేరు తెలియనిదానికి పూచీ ఎలా పడతాం? గురువారం లోపల తేల్చాలి.

ఖాళీ అయిన ఆవకాయ సీసా కడిగి తుడిచి అతిథిని అందులోకి దించాం. దించింది మా మనవడే, వట్టి చేతులతో. నేను వద్దనేలోపే వాడి వేళ్లకు గోధుమరంగు మరక, గుప్పుమని ఘాటు కంపు. మా ఆవిడ వాణ్ని సింకు దగ్గరికి లాక్కెళ్లి సబ్బుతో తోముతూ ముక్కు ఎగబీల్చి అంది.

"ఏవండీ, ఇది పురుగు పట్టిన గోధుమపిండి కంపు."

"నీకన్నీ వంటింటి వాసనలే" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వుకు తర్వాత మూల్యం చెల్లించుకున్నాను. చెబుతాను.

* * *

సోమవారం ఉదయం సీసాను ఫ్రిజ్‌లో పెట్టాం. చలికి పురుగులు కాసేపు మందగిస్తాయి, హాయిగా పరిశీలించుకోవచ్చు. "పాల పక్కన పురుగేంటండీ, ఖర్మ కాకపోతే" అని మా ఆవిడ గొణిగింది. పది నిమిషాల తర్వాత తీసి తెల్ల కాగితం మీద పెట్టి, మనవడి బొమ్మల పెట్టెలోని ప్లాస్టిక్ భూతద్దంతో కూర్చున్నాం.

నల్లగా, నేల మీద తిరిగే పెంకుపురుగుల్లో మనల్ని తికమక పెట్టే కుటుంబాలు ముఖ్యంగా రెండు. ఒకటి వేటాడి బతికే నేల పెంకుపురుగులు. రెండోది చీకటి పెంకుపురుగులు. ఈ రెండోదాని శాస్త్రీయ నామం టెనెబ్రియోనిడే. చీకటిని కోరుకునేవాడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. పైనుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. గుట్టంతా పాదాల్లో ఉంది.

పురుగు పాదం మన వేలిలాగా కణుపులు కణుపులుగా ఉంటుంది. నేల పెంకుపురుగుకు ఆరు పాదాల్లోనూ అయిదేసి కణుపులు. చీకటి పెంకుపురుగుకు ముందు రెండు జతల్లో అయిదేసి, చివరి జతలో మాత్రం నాలుగే. మావాడు నాలుక బయటపెట్టి మరీ లెక్కపెట్టాడు. "అయిదు... అయిదు... నాలుగు తాతా!" నేను లెక్కపెట్టాను. 5-5-4. మీసాలు చూశాం. నూలుపోగుల్లా కాకుండా పూసలు గుచ్చినట్టున్నాయి. మీసం మొదలు కంటి పక్కనున్న చిన్న గట్టు కింద దాగి ఉంది. ఇంక అనుమానం లేదు. చీకటి కుటుంబమే.

ముప్పై మూడేళ్లు నేను నోట్సులో డిక్టేట్ చేసిన వాక్యం ఇది: "పాద సూత్రం 5-5-4." ఎన్ని వందల మంది పిల్లలచేత రాయించానో. ఒక్కసారైనా కళ్లతో లెక్కపెట్టింది లేదు. లెక్కపెట్టించింది అంతకన్నా లేదు.

* * *

కుటుంబం తెలిస్తే ఇంటిపేరు తెలిసినట్టే. కానీ ఇది చిన్న కుటుంబం కాదు. 2018లో శాస్త్రవేత్తలు ఉత్తర అమెరికా చీకటి పెంకుపురుగుల జాబితా వేస్తే 2825 జాతులు తేలాయి. అందులో మనవాడెవరు?

అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, "ఇంత తంటా ఎందుకు మామయ్యగారూ" అని ఫోనుతో ఫొటో తీసి యాప్‌లో వేశాడు. క్షణంలో జవాబు. ఎలియోడిస్ అనే ప్రజాతి అట. దాని కింద జాతుల పేర్లు అరడజను చూపించి, వీటిలో ఏదైనా కావచ్చంది. మంచి సాయమే, కాదనను. అడ్రసు అడిగితే వీధి దాకా తెచ్చి వదిలిపెట్టింది. ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

ఎలియోడిస్ అనగానే శీర్షాసనం గుట్టు విడిపోయింది. అది భక్తీ కాదు, యోగా కాదు, తుపాకీ ఎక్కుపెట్టడం. శత్రువు వస్తే వెనకభాగం పైకెత్తి ఘాటైన ద్రవం వదులుతుంది. అందులో ఉండేవి బెంజోక్వినోన్లు అనే రసాయనాలు. నక్కలూ తొండలూ ఆ వాసనకు వెనక్కి తగ్గవచ్చు గానీ, ఆ ఎడారిలో మిడతల ఎలుక అనే గడుగ్గాయి ఉంది. పురుగును పట్టుకుని దాని తుపాకీ వైపును ఇసుకలో గుచ్చేసి, తల వైపు నుంచి తినడం మొదలుపెడుతుందట! కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన థామస్ ఐస్నర్ దీన్ని లోకానికి చెప్పాడు. మనవడు ఆ రాత్రి ఈ కథ మూడుసార్లు చెప్పించుకున్నాడు.

చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఇవే బెంజోక్వినోన్ల రకాలను విడిచే మరో చీకటి పెంకుపురుగు ఉంది. పేరు ట్రైబోలియం కాస్టానియమ్. ఎర్రగా, ఆవగింజకు అటూ ఇటూగా ఉంటుంది. ఎవరనుకున్నారు? మన డబ్బాల్లోని రవ్వ, మైదా, గోధుమపిండిలో తిరిగే పిండిపురుగు! బాగా పురుగు పట్టిన పిండి కంపు కొట్టడానికీ, ఒక్కోసారి గులాబీ రంగు తిరగడానికీ కారణం ఆ రసాయనాలే. 2008లో పెంకుపురుగులన్నిటికన్నా ముందు జన్యుపటం మొత్తం చదివింది కూడా దీనిదే.

అంటే ఏమిటన్నమాట? నేను భూతద్దం పెట్టుకుని పొద్దంతా కణుపులు లెక్కపెట్టి తేల్చిన కుటుంబాన్ని మా ఆవిడ ముందురోజే ముక్కుతో పట్టేసింది. వంటింట్లోకి వెళ్లి ఒప్పేసుకున్నాను. "ఇప్పుడా తెలిసింది" అన్నట్టు ఓ చూపు చూసి, పిల్లకు కషాయం కలపడంలో పడిపోయింది.

* * *

మంగళ, బుధవారాలు ఇంటి నంబరు వేటలో గడిచాయి.

ఈ ఎలియోడిస్‌ల చరిత్ర చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. పని చేసినవాళ్లలో డాక్టర్లు ఎక్కువ. 1829లో ఆ ప్రజాతికి పేరు పెట్టిన ఎష్‌షోల్ట్జ్, రష్యా నౌకలో కాలిఫోర్నియా తీరానికి వచ్చిన వైద్యుడు. 1870లో అమెరికా చీకటి పెంకుపురుగులన్నిటినీ ఒక క్రమంలో పెట్టిన జార్జ్ హార్న్, అంతర్యుద్ధ కాలంలో సైన్యంలో డాక్టరు. తర్వాత ఫిలడెల్ఫియాలో పురుళ్లు పోసేవాడు. 1909లో ఒక్క ఎలియోడిస్‌ల తెగ మీదే 500 పేజీలు దాటిన పుస్తకం రాసిన ఫ్రాంక్ బ్లైస్డెల్ శస్త్రచికిత్స నేర్పే ప్రొఫెసరు. ఆ పాత పుస్తకాలన్నీ ఇప్పుడు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. పురుటింట్లో కూర్చుని పురుళ్ల డాక్టరు రాసిన పురుగుల పుస్తకం చదవడం నాకు సరదాగా అనిపించింది.

ఇలాంటి పుస్తకాల్లో గుర్తింపు పట్టికలుంటాయి. తెలియని ఊళ్లో దారి అడగడం లాంటిది అది. ప్రతి చౌరస్తాలో ఒక ప్రశ్న. వీపు మీద గాళ్లున్నాయా, నునుపుగా ఉందా? నునుపైతే ఇటు, గాళ్లుంటే అటు. ఒక్క మలుపు తప్పామా, వేరే ఊరు చేరతాం. మేం ఒకసారి తప్పాం కూడా. మనవడు తొందరపడ్డాడని వాణ్ని కసిరాను, తీరా చూస్తే తప్పు నాదే.

మోసగాళ్లు కూడా ఉంటారు. అక్కడి జెముళ్ల మీద బతికే ఒక రకం పెంకుపురుగు ఎలియోడిస్ వేషం వేసుకుని తిరుగుతుంది. కంపు కొట్టే సత్తా లేకపోయినా, ఆ నలుపు చూసి శత్రువులు వదిలేస్తాయని ఎత్తుగడ. మీసాలు బారెడు ఉంటాయి కాబట్టి దొరికిపోతుంది. మావాడి మీసాలు పొట్టివే. రెక్కల పెంకులు విప్పబోతే రాలేదు. మధ్య పాపిడి దగ్గర అతుక్కుపోయి ఉన్నాయి. ఎడారిలో ఒంట్లోని నీరు ఆవిరి కాకుండా ఆ మూత కాపాడుతుంది. ఎగిరే యోగం లేదు, ఎండను తట్టుకునే యోగం ఉంది.

బుధవారం రాత్రి చివరి చౌరస్తాకు వచ్చాం. ప్రశ్న తొడల గురించి. ఈ తెగలో కొన్ని జాతుల మగవాటికి ముందుకాళ్ల తొడల మీద ముల్లు ఉంటుంది. మరి మన అతిథికి?

సీసాను ఫ్రిజ్ నుంచి తీసి, పురుగును మెల్లగా పక్కకు తిప్పి, ఫోను దీపం వేసి చూశాం. ముందు తొడకు ముల్లు ఉంది. మధ్య తొడ చూశాం, ముల్లు. వెనక తొడ, అక్కడా ముల్లే. మొత్తం ఆరు తొడలకు ఆరు ముళ్లు!

"ఎలియోడిస్ ఆర్మేటా" అని పైకి చదివాను. 1851లో జాన్ లెకాంట్ పెట్టిన పేరు. ఆయనా డాక్టరీ చదివినవాడే. ఆర్మేటా అంటే ఆయుధాలు ధరించినది అని అర్థం. వీపు మీది నుంచి తీసిన ఫొటోలో తొడల అడుగున ఉన్న ముళ్లు కనిపించవు. యాప్ వీధిలో ఆగిపోయింది అందుకే.

మనవడు గంతులేశాడు. కానీ నేను గంతులేయలేకపోయాను. నాకు ఆ క్షణాన ఇంకో సీసా గుర్తొచ్చింది.

* * *

పాతికేళ్ల పైమాటే. పశ్చిమగోదావరిలో పనిచేస్తున్న రోజులు. సెకండియర్ కుర్రాడొకడు హార్లిక్స్ సీసాలో నల్లటి చిన్న పురుగులు పట్టుకొచ్చాడు. "సార్, మా కోళ్లఫారంలో లిట్టర్ నిండా ఇవే సార్. మా నాన్న అడగమన్నాడు. ఏం పురుగులు సార్?"

నేను సీసా వంక చూసి ఏమన్నానో తెలుసా? "ఏదో పెంకుపురుగులే. రికార్డు రాశావా?"

వాడు తలొంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ నా దగ్గరికి ఏ పురుగునూ తేలేదు. నాకు తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కలిసి వెతుకుదాం అని ఉంటే ఇంకా బాగుండేది. రెండూ చేయలేదు. తెలియదన్న మాట కుర్చీకి చిన్నతనం అనుకున్నాను.

ఎనిమిదేళ్ల పిల్లవాడు ఎదురుగా నిలబడి "అది నాకూ తెలుసు తాతా. పేరేంటి?" అని అడిగే దాకా ఆ సీసా నాకు గుర్తు రాలేదు.

* * *

గురువారం వచ్చింది. బుధవారం రాత్రే మా అమ్మాయి, అల్లుడు నా పక్కన కూర్చున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇది కుట్టదు, కరవదు. ఎండుటాకులూ చెత్తా తిని బతుకుతుంది. ముట్టుకుంటే కంపు, మరక. అంతే. దీని చుట్టాలు అన్నీ సాధువులని చెప్పను. కొన్ని ఎలియోడిస్‌ల పిల్లపురుగులు అమెరికా గోధుమ పొలాల్లో విత్తనాలు తినేస్తాయి. కానీ గరాజ్‌లో తిరిగే ఈ ఒక్కదాని కోసం ఉయ్యాల ఉన్న గదిలో మందు కొట్టించే అవసరం లేదు. రేపు నిజంగా కిస్సింగ్ బగ్ కనిపిస్తే చేత్తో నలపొద్దు, సీసా బోర్లించి పట్టి చూపించండి, తలుపు కింద సందులు మూయించండి అన్నాను.

అమ్మాయి అంతా విని, "పాపిడి ఉంటే పెంకుపురుగు, కత్తెర ఉంటే నల్లి. అంతేగా నాన్నా?" అంది. అల్లుడు ఫోను తీసి మందు కొట్టేవాళ్లను రావద్దన్నాడు.

పొద్దున్నే మనవడూ నేనూ గోడ అవతల ఎడారిలో సీసా వంచాం. అతిథి బయటికి వచ్చి, రెండడుగులు వేసి, అలవాటుగా ఒకసారి శీర్షాసనం వేసింది. మావాడు దానికి ఎదురుగా చేతులు నేలకు ఆనించి తనూ ఒకటి వేశాడు. తర్వాత అది పొదల్లోకి నడిచి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఇంటికి వచ్చేశాం. మొన్న ఉప్మా చేయబోతూ మా ఆవిడ రవ్వ డబ్బా తెరిచి కేకేసింది, "ఏవండీ, అరిజోనా చుట్టాలొచ్చారు!" అని. వెళ్లి భూతద్దంతో చూశాను. 5-5-4.

మీరూ ఈ ఆదివారం ఇంట్లో పిల్లలతో ఈ పని చేసి చూడండి. పెద్ద ఖర్చేం లేదు. ఒక సీసా, ఒక భూతద్దం, పది నిమిషాల ఫ్రిజ్. ముందు వీపు మీద పాపిడి, తర్వాత మీసాలు, తర్వాత పాదాల కణుపులు. ఎక్కడిదాకా కచ్చితంగా తెలిస్తే అక్కడే ఆగండి. కుటుంబం దాకానే తెలిస్తే కుటుంబం పేరే చెప్పండి. ఆగిన చోటు తప్పు కాదు, తెలిసినట్టు నటించిన చోటే తప్పు.

ఇక చివరి మాట, హార్లిక్స్ సీసా కుర్రాడికి. బాబూ, ఇప్పుడు నువ్వు నలభై దాటినవాడివై ఉంటావు. ఈ పేజీ నీ కంట పడుతుందో లేదో తెలీదు. నువ్వు తెచ్చిన పురుగును ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు కాబట్టి ప్రమాణం చేసి చెప్పలేను. కానీ కోళ్లఫారం లిట్టర్‌లో గుంపులుగా పెరిగే చిన్న నల్ల పురుగు చాలావరకు ఒక్కటే. ఆల్ఫిటోబియస్ డయాపెరినస్. అదీ చీకటి కుటుంబానిదే. మేత తింటుంది, రోగాల క్రిములను ఒక కోడి నుంచి ఇంకో కోడికి చేరవేస్తుంది. ఒక బ్యాచ్ వెళ్లాక పాత లిట్టర్ పూర్తిగా ఎత్తి దూరంగా వేయించి, షెడ్డు ఆరబెట్టి, మూలలూ పగుళ్లూ శుభ్రం చేయిస్తే చాలా తగ్గుతుంది. మీ నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఇది.

ఆలస్యమైంది. ఏమీ అనుకోకు.